7520యూ పక్కన 7530యూ: ఒక్క అంకెలో దాక్కున్న తేడా

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయి సీట్లు ఖాయమయ్యే రోజుల్లో నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాల్లో కంప్యూటర్ ఉద్యోగం చేసే వాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. "బాబాయ్, లాప్‌టాప్ కొంటున్నాం, ఐ5 తీసుకోమంటావా, రైజెన్ 5 తీసుకోమంటావా?" ఐ5 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్, రైజెన్ 5 దాని పోటీ కంపెనీ ఏఎండీది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం నేను మానేశాను. పొగరేం కాదు, దానికి జవాబు లేదు, అంతే. ఒకే పేరు కింద ఎన్ని రకాల చిప్పులు అమ్ముతున్నారంటే, ఒక ఐ5కీ ఒక రైజెన్ 5కీ మధ్య ఉండే తేడా కన్నా ఒక రైజెన్ 5కీ ఇంకో రైజెన్ 5కీ మధ్య తేడానే ఎక్కువగా ఉంటోంది చాలాసార్లు.

నమ్మబుద్ధి కాకపోతే ఒక జత తీసుకుందాం. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. రెండూ ఏఎండీవే. రెండూ రైజెన్ 5లే. రెండూ 7000 సిరీస్, రెండూ మామూలుగా 15 వాట్ల మీద నడిచే సన్నపాటి లాప్‌టాప్ చిప్పులే. షోరూములో పక్కపక్కనే పెడతారు, కీబోర్డు కింద రెంటికీ ఒకేలాంటి స్టిక్కరు. ఆన్‌లైన్‌లో అయితే పేజీ మొదట్లో "రైజెన్ 5, 7000 సిరీస్" అని రాసి, అసలు నంబరు ఎక్కడో కింద వేస్తారు. ఆ నంబరు చూసినా కంటికి ఆనే తేడా ఏముంది? మధ్యలో 2 ఉన్నచోట 3 ఉంది. ఇంకో రెండు వేలో మూడు వేలో తగ్గుతోందంటే ఎవరైనా 7520 వైపే చెయ్యి చాస్తారు.

లోపల చూస్తే కథ వేరు. 7520యూలో నాలుగు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి పట్టుకోగల పనులు), 4 ఎంబీ ఎల్3 క్యాష్ మెమరీ (చిప్ లోపలే ఉండే చిన్న నిల్వ). 7530యూలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 16 ఎంబీ ఎల్3. మొదటిదాంట్లో కోర్లు జెన్ 2 డిజైన్‌వి, అంటే 2019 జూలైలో డెస్క్‌టాప్ రైజెన్ 3000తో పాటు వచ్చినవి. రెండోదాంట్లో జెన్ 3, అది 2020 నవంబరులో వచ్చింది. జెన్ 2 నుంచి జెన్ 3కి మారినప్పుడు ఒకే క్లాక్ స్పీడు (కోర్ పరిగెత్తే వేగం) దగ్గర సగటున 19 శాతం ఎక్కువ పని జరుగుతుందని చెప్పింది సాక్షాత్తూ ఏఎండీనే. అంటే కోర్లు ఎక్కువ, ఒక్కో కోరూ ఇంకాస్త గట్టిది, పైగా క్యాష్ నాలుగింతలు. ఇన్ని మార్పుల్నీ ఒక్క అంకెలో ఇరికించి, రెంటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతున్నారు.

తమాషా ఏమిటంటే, స్పెసిఫికేషన్ల కాగితం చదివే అలవాటున్నవాడు ఇక్కడ ఇంకా తొందరగా మోసపోతాడు. 7520యూ బేస్ క్లాక్ 2.8 గిగాహెర్ట్జ్, 7530యూది 2.0. మొదటిది 6 నానోమీటర్ల చిప్, రెండోది 7. మొదటిదానికి ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్, రెండోదానికి ఎక్కువగా పాత డీడీఆర్4. గ్రాఫిక్స్ కూడా మొదటిదాంట్లో కొత్త ఆర్‌డీఎన్ఏ 2 రకం, రెండోదాంట్లో ఎప్పటిదో వేగా. నాలుగు వరసల్లో నాలుగూ 7520యూ వైపే మొగ్గుతున్నాయి కదా? షోరూములో కుర్రాడు ఈ నాలుగూ గడగడా చెప్పేస్తాడు, ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

ఒక్కోటీ విప్పితే గానీ విషయం బయటపడదు. బేస్ క్లాక్ అంటే అన్ని కోర్లూ పూర్తి భారం మోస్తున్నప్పుడు, కంపెనీ చెప్పిన వాట్ల లోపల, ఇంతకన్నా తగ్గదని ఇచ్చే హామీ లాంటిది. 15 వాట్లని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎక్కువ వస్తుంది, ఆరుగురికి పంచితే తక్కువ వస్తుంది, ఆ హామీ అంకె తగ్గేది అందుకే. మీరు క్రోమ్‌లో ఒక పేజీ తెరిచినప్పుడు పనిచేసేది టర్బో, అంటే కాసేపు అందుకోగల గరిష్ఠ వేగం, అది 7520యూకి 4.3, 7530యూకి 4.5 గిగాహెర్ట్జ్. నానోమీటర్ల సంగతికొస్తే, ఈ చిప్పుల్ని తయారుచేసే టీఎస్ఎంసీ వాళ్ళ 6 నానోమీటర్ల పద్ధతి అదే 7 నానోమీటర్ల పద్ధతికి మెరుగులు దిద్దినది, ఒక తరం దాటిందేం కాదు. గ్రాఫిక్స్‌లో ఆర్‌డీఎన్ఏ 2 కొత్తదే, కాదనను, కానీ 7520యూలో ఉన్నవి రెండే రెండు కంప్యూట్ యూనిట్లు (బొమ్మలు గీసే విభాగాలు). 7530యూలో పాత వేగావే అయినా ఏడున్నాయి. ఆటల దగ్గరికి వచ్చేసరికి ఆ ఏడే గెలుస్తాయి.

క్యాష్ మెమరీ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్ళు దీని ఊసే ఎత్తరు. కిరాణా కొట్టులో గల్లా దగ్గర కూర్చున్న మనిషికి చెయ్యి చాపితే అందే అరలు కొన్ని ఉంటాయి, మిగతా సరుకంతా వెనక గోడౌన్లో ఉంటుంది. అర చిన్నదైతే ప్రతి రెండో బేరానికీ కుర్రాణ్ణి గోడౌన్‌కి పంపాలి. ఎల్3 ఆ అర, ర్యామ్ ఆ గోడౌన్. కోడ్ కంపైల్ చేసేటప్పుడు, పెద్ద ఎక్సెల్ ఫైల్లో లెక్కలు తిరిగేటప్పుడు, ఆటల్లో, ప్రాసెసర్ ఒకే డేటాని మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. 4 ఎంబీలో అది పట్టనప్పుడు ర్యామ్ దాకా పోయి రావాలి. ఎల్‌పీడీడీఆర్5 ఎంత కొత్తదైనా ర్యామ్ ర్యామే, ఎల్3తో పోలిస్తే చాలా దూరం. పైగా జెన్ 3లో ఉన్న 16 ఎంబీని ఆరు కోర్లూ ఉమ్మడిగా వాడుకోవచ్చు. ఏ ఒక్క కోరుకి అవసరం పడినా మొత్తం దానికి అందుబాటులో ఉంటుంది.

ఇదంతా కాగితం మీద లెక్క, నిజంగా వాడేటప్పుడు తెలుస్తుందా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మా అన్నయ్య కొడుకు దగ్గర 7530యూ ఉంది, వాడి రూమ్మేట్ దగ్గర 7520యూ. రెంటిలోనూ 16 జీబీ ర్యామే. ఒక ఆదివారం ఇద్దరూ మా ఇంటికొస్తే డైనింగ్ టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టించి, చార్జర్లు గుచ్చి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరవమన్నాను. కుడి పక్క కింద వచ్చే వివరాల్లో ఒకదాంట్లో బేస్ స్పీడ్ 2.80, ఇంకోదాంట్లో 2.00. "అంకుల్, నాదే ఎక్కువ కదా" అన్నాడు రూమ్మేట్, వాడి మొహం వెలిగిపోయింది. దానికి రెండు వరసల కింద కోర్లు 4, లాజికల్ ప్రాసెసర్లు 8 అని ఉంది. ఇంకాస్త కిందకి ఎల్3 క్యాష్ 4.0 ఎంబీ. మావాడిదాంట్లో 6, 12, 16.0.

ముందు క్రోమ్ తెరిచాం, యూట్యూబ్ పెట్టాం, వర్డ్ ఫైల్ తెరిచాం. తేడా లేదు. ఉందని చెప్తే అబద్ధమే అవుతుంది. తర్వాత ఇద్దరి దగ్గరా ఉన్న కాలేజీ ప్రాజెక్టే, యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో క్లీన్ బిల్డ్, అంటే కోడ్ మొత్తాన్నీ మొదట్నుంచి యాప్‌గా మార్చే పని, కొట్టించాను. ఆ బిల్డ్ పని చేసే గ్రేడిల్ అనే టూల్ మొదలవ్వగానే రెంటిలోనూ గ్రాఫ్ పైకప్పుని తాకింది, ఫ్యాన్లు అందుకున్నాయి. 7530యూలో బిల్డ్ అయిపోయి, యాప్ ఎమ్యులేటర్లో (కంప్యూటర్లోనే నడిచే నకిలీ ఫోన్) తెరుచుకుని, వాడు లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొడుతున్నాడు, పక్కవాడిది ఇంకా కంపైల్ దగ్గరే ఉంది. అదే బిల్డ్ నడుస్తుండగా వీడియో కాల్ పెట్టి చూశాం. 7520యూలో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎనిమిది థ్రెడ్లూ గ్రేడిలే పట్టుకుని కూర్చుంటే కాల్‌కి మిగిలేదేముంది మరి. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్ష అంకెలు కావాలనే వాళ్ళ కోసం: మల్టీకోర్‌లో 7520యూ సుమారుగా నాలుగున్నర వేల చుట్టూ తిరుగుతుంది, 7530యూకి సరిపడా కరెంటు ఇచ్చిన లాప్‌టాపుల్లో ఎనిమిది వేలు దాటుతుంది. ఒకే పేరు మీద అమ్ముతున్న రెండు వస్తువుల మధ్య దాదాపు రెట్టింపు తేడా ఉంటే దాన్ని చిల్లర తేడా అని ఎలా అంటాం?

ఈ పేర్ల గోల గురించి ఏఎండీని అడిగితే అంతా బహిరంగంగానే చెప్పామంటుంది. నిజమే, 2022 సెప్టెంబరులో ఈ పద్ధతి ప్రకటించినప్పుడే అంకెల అర్థం విడమరిచి చెప్పింది. మొదటి అంకె మోడల్ సంవత్సరం, 7 అంటే 2023. రెండో అంకె తరగతి. మూడో అంకె అసలు కోర్ డిజైన్, 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4. నాలుగో అంకె 0 అయితే కింది రకం, 5 అయితే పై రకం. చివర అక్షరం వాట్ల సంగతి చెప్తుంది. అంటే కొనేవాడికి అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం మూడో స్థానంలో, ఏమాత్రం ముఖ్యం కాని క్యాలెండర్ సంవత్సరం మొదటి స్థానంలో. పెద్ద అంకె ముందుంటే కొత్తది, కొత్తదైతే మంచిది అనుకోవడం ఎవరికైనా సహజం. అది తెలియకుండానే ఇలా పెట్టారంటే నేను నమ్మను. (ఏఎండీకి మన హైదరాబాద్‌లోనూ డిజైన్ కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే మిత్రులు నన్ను తిట్టుకోకండి, చిప్పులు చేసేవాళ్ళు వేరు, పేర్లు పెట్టేవాళ్ళు వేరు అని నాకు తెలుసు.)

మూడో అంకె కూడా మొత్తం కథ చెప్పదు. 7535యూ ఉంది, అదీ మూడో అంకె 3నే, కానీ లోపల జెన్ 3 ప్లస్, కొత్త గ్రాఫిక్స్, డీడీఆర్5. 7540యూ ఉంది, అది జెన్ 4. ఇవన్నీ రైజెన్ 5లే! అన్నిటికన్నా నవ్వొచ్చేది రైజెన్ 3 దగ్గర. రైజెన్ 3 7320యూ, రైజెన్ 5 7520యూ లోపల ఒకే చిప్, అవే నాలుగు జెన్ 2 కోర్లు, అదే 4 ఎంబీ ఎల్3, అవే రెండు గ్రాఫిక్స్ యూనిట్లు. తేడా అల్లా క్లాక్‌లో కాస్త. టర్బో 4.1కి బదులు 4.3. ఆ కాస్తకీ 3 పోయి 5 వచ్చింది. ఇంకోపక్క రైజెన్ 3 7330యూ అని ఉంది, నాలుగు జెన్ 3 కోర్లు, 8 ఎంబీ ఎల్3, టర్బో సరిగ్గా 4.3. కోర్లు సమానం, టర్బో సమానం, డిజైన్ కొత్తది, క్యాష్ రెట్టింపు. కాబట్టి ప్రాసెసర్ బలం విషయంలో ఈ రైజెన్ 3 ఆ రైజెన్ 5ని దాటేస్తుంది. షోరూముకెళ్ళి "రైజెన్ 3 కావాలండీ, రైజెన్ 5 కన్నా ఫాస్ట్‌గా ఉంటుంది" అని చెప్పి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు.

2023 డిసెంబరులో ఇంటెల్ దీని మీద విరుచుకుపడింది. "కోర్ ట్రూత్స్" అని ఒక ప్రెజెంటేషన్ వేసి, ఇదే 7520యూని ఉదాహరణగా తీసుకుని, పాత సరుకుని కొత్త పేరుతో అమ్ముతున్నారని సెకండ్ హ్యాండ్ కార్ల బేరగాళ్ళతో పోల్చింది. విమర్శలు రాగానే దాన్ని తీసేసింది కూడా. తీసేయక ఏం చేస్తుంది? తనింట్లో మాత్రం ఏముంది? 12వ తరం ఐ5-1235యూనీ 13వ తరం ఐ5-1335యూనీ పక్కపక్కన పెడితే అవే రెండు పెద్ద కోర్లు, అవే ఎనిమిది చిన్న కోర్లు, టర్బో 4.4 నుంచి 4.6 అయింది. ప్రెజెంటేషన్‌లో ఇంటెల్ పోటీకి నిలబెట్టింది ఆ 1335యూనే. ఆ తర్వాత 2024లో "కోర్ 5 120యూ" అని అదే పాత డిజైన్‌కి కొత్త పేరు తగిలించి, నిజంగా కొత్తదైన "కోర్ అల్ట్రా 5" పక్కన నిలబెట్టింది. దొందూ దొందే. అయినా 7520యూ విషయంలో ఇంటెల్ చెప్పిన మాట తప్పు కాదు, చెప్పే అర్హత లేదంతే.

ఇక నాకు అసలు ఒళ్ళు మండే మాట ఇంకోటుంది: "మామూలు వాడకానికి ఏదైనా ఒకటే సార్." షాపులో చెప్తారు, వీడియోల్లో చెప్తారు, తెలిసిన అన్నయ్యలు కూడా చెప్తారు. మామూలు వాడకం అంటే ఎవరి వాడకం? మన ఇళ్ళల్లో లాప్‌టాప్ అంటే ఏడాదికోసారి మార్చే వస్తువు కాదు. ఈఎంఐ కట్టి కొంటాం, అయిదారేళ్ళు లాగుతాం, అక్క వాడాక తమ్ముడికి వస్తుంది. మొదటి సంవత్సరం సీ ప్రోగ్రాములు రాసుకునే పిల్ల మూడో సంవత్సరానికి ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్, క్రోమ్‌లో పాతిక ట్యాబులు, పక్కన ప్లేస్‌మెంట్ పరీక్షల సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి కూర్చుంటుంది. మారేది వాడకం, చిప్ కాదు. ఆ పూట టీ తాగి వచ్చినా బిల్డ్ కాకపోతే, "నా కోడ్‌లోనే ఏదో తప్పుందేమో" అనుకునే పిల్లల్ని నేను చూశాను. కొన్న రోజున మిగిలిన రెండు వేలకి నాలుగేళ్ళ టెన్షన్ అంటగట్టిన ఆ "ఏదైనా ఒకటే" వాళ్ళు అప్పటికి ఫోన్ ఎత్తరు.

అలాగని 7520యూని చెత్త అంటే ఒప్పుకోను. అది చేయాల్సిన పని అది చేస్తుంది. తక్కువ కరెంటుతో నడిచేలా చిన్నగా కట్టిన చిప్ అది, బ్యాటరీ మీద సినిమా చూస్తే, నోట్స్ రాసుకుంటే హాయిగా గడిచిపోతుంది. ఇంకో మంచి గుణం, వీడియోల్లో వాడే ఏవీ1 ఫార్మాట్‌ని అది హార్డ్‌వేర్‌లోనే విప్పగలదు. 7530యూలోని పాత వేగాకి అది చేతకాదు, ఆ పని కోర్లు చేయాలి, బ్యాటరీ తినాలి. జెన్ 2 కూడా తీసిపారేసే డిజైన్ కాదు, ప్లేస్టేషన్ 5లో ఉన్నది ఆ కోర్లే. పెద్దవాళ్ళకి, చిన్న ఆఫీసులో టాలీకి, ఆన్‌లైన్ క్లాసులకి నేనే 7520యూ చెప్తాను, దాని విలువకి తగ్గ ధర ఉంటే. నా గొడవ చిప్‌తో కాదు. దాన్ని రైజెన్ 3 7320యూ ధర దగ్గర అమ్మితే ఎవరికీ పేచీ ఉండదు. 7530యూ పక్కన కూర్చోబెట్టి, దాదాపు అదే డబ్బు అడిగి, ఇదీ అదీ ఒకటే అనిపించేలా చేయడంతోనే నా గొడవంతా.

దానికి ఉన్న అసలు లోపం ప్రాసెసర్ బలం కూడా కాదేమో, ర్యామ్. 7520యూకి ఎల్‌పీడీడీఆర్5 తప్ప వేరేది పట్టదు, దాన్ని బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు. 8 జీబీతో కొంటే ఆ లాప్‌టాప్ ఉన్నంతకాలం 8 జీబీయే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లన్నీ ఎక్కి దిగినా పెంచేవాడు దొరకడు. 7530యూ లాప్‌టాపుల్లో చాలావాటికి ఒక స్లాటైనా ఉంటుంది, తర్వాత ఇంకో స్టిక్ వేసుకోవచ్చు. అన్నిటికీ ఉండదు, ఆ మోడల్ వివరాలు చూసుకోవాల్సిందే.

ఇక్కడ 7530యూ కొన్నవాళ్ళకీ ఒక మాట. ఒక్క 8 జీబీ స్టిక్‌తో వదిలేయకండి. డీడీఆర్4-3200 ఒక్క స్టిక్ మీద సెకనుకి 25.6 జీబీ దారి ఉంటుంది, రెండుంటే 51.2. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఇదే ర్యామ్ మీద బతకాలి కాబట్టి ఒక్క స్టిక్‌తో ఏడు వేగా యూనిట్లూ సగం ఖాళీగా కూర్చుంటాయి. ఐ5-1235యూదీ ఇదే వరస, ఒక్క స్టిక్ ఉంటే విండోస్‌లో దాని గ్రాఫిక్స్ పేరు ఐరిస్ ఎక్స్ఈ అని కూడా చూపించదు, ఉత్త యూహెచ్‌డీ అని చూపిస్తుంది. వాట్ల గొడవా ఉంది. ఒకే 7530యూని ఒక కంపెనీ సన్నగా కట్టి 15 వాట్ల దగ్గర బిగించేస్తుంది, ఇంకో కంపెనీ మంచి ఫ్యాన్ పెట్టి పాతిక దాకా వదులుతుంది. అందుకని ప్రాసెసర్ పేరు చూసి కాకుండా, ఆ ఫలానా లాప్‌టాప్ మోడల్‌ని ఎవరైనా పది నిమిషాల పాటు ఆపకుండా పరీక్షించారా అని వెతకండి. మొదటి నిమిషం స్కోరు ఎవరికైనా బాగానే వస్తుంది.

మన దగ్గర ఏసీ కొంటే స్టార్ లేబుల్ మీద ఆ స్టార్లు ఏ కాలానికి వర్తిస్తాయో కూడా అచ్చేసి ఉంటుంది, పాత లెక్కతో వచ్చిన అయిదు స్టార్లని కొత్త లెక్కగా అమ్మకుండా. యాభై వేల లాప్‌టాప్ పెట్టె మీద "కోర్లు: 4, డిజైన్: జెన్ 2, ఎల్3: 4 ఎంబీ, ర్యామ్: మార్చలేరు" అని నాలుగు ముక్కలు అచ్చేయడానికి ఏం అడ్డం? ఆన్‌లైన్ దుకాణాల వడపోతల్లో "రైజెన్ 5" అన్న గడి ఉంది గానీ "జెన్ 3 ఆపైన" అన్న గడి లేదు. వాళ్ళు పెట్టేదాకా మూడో అంకె మీరే చూసుకోవాలి. 7 తో మొదలైన నంబర్లో అది 2 అయితే ధర కూడా అందుకు తగ్గట్టు ఉందో లేదో చూడండి. 7530యూకీ దీనికీ తేడా అయిదు వేల లోపుంటే ఆలోచించకుండా 7530యూ తీసుకోండి. అంతకన్నా ఎక్కువుంటే అదే డబ్బుకి 1235యూ దొరుకుతుందేమో, లేదా పేరుకి పాతదైనా ఆరు కోర్లున్న రైజెన్ 5 5500యూ మిగిలి ఉందేమో వెతకండి. ఆ 5500యూ కూడా జెన్ 2నే, కానీ ఆరు కోర్లు, 8 ఎంబీ ఎల్3, ఏడు వేగా యూనిట్లు. అంటే పెద్ద నంబరు 7520 కన్నా చిన్న నంబరు 5500లోనే సరుకు ఎక్కువ.

ఇప్పటికే 7520యూ కొనేసిన పిల్లలు దిగులు పడకండి. ఆండ్రాయిడ్ పని ఉంటే ఎమ్యులేటర్ జోలికి పోవద్దు. ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ గుచ్చి, యాప్ నేరుగా ఫోన్లోనే రన్ చేయండి. ఎమ్యులేటర్ తినే ర్యామూ కోర్లూ గ్రేడిల్‌కి మిగులుతాయి. మా వాడి రూమ్మేట్ ఇప్పుడు అలాగే లాగిస్తున్నాడు.